తొలి కాన్పుకు పుట్టినిల్లు

కల్లూరులో కొత్తగా లేచిన మేడల వరసలన్నీ అయిపోయాక, షేరు ఆటోవాళ్ళు "హోమూ, హోమూ" అని అరిచి దింపే చోట ఒక నీలం గేటు ఉంటుంది. ఆ గేటుకు ఎప్పుడూ తాళమే. లోపల ఉండేది ఆడవాళ్ళు. మతి చెదిరి రోడ్ల మీద దొరికినవాళ్ళు, మతి బాగానే ఉన్నా లేపి కూర్చోబెట్టే మనిషి లేనివాళ్ళు, ఎవరో బండి మీద తెచ్చి దింపి టీ తాగొస్తానని పోతే ఆ టీ కోసం ఇంకా గేటువైపే చూసేవాళ్ళు. తాళం తీసి ఉంచితే హైవే ఎక్కి ఏ లారీ కిందో పడతారని భయం. ఆ తాళంచెవి కృపమణి బొడ్లో ఉంటుంది. చెవి తన దగ్గరున్నా ఆమె గేటు దాటేది ఆదివారం చర్చికి మాత్రమే. అదీ రెండో పాట ఎత్తుకునే వేళకు పోయి, ప్రసంగం సగంలో లేచి వచ్చేస్తుంది. దేవుడు ఆమె ముఖం కంటే వీపే ఎక్కువ చూసి ఉంటాడు.

ఆమేమీ సేవ చేద్దామని ఇక్కడికి రాలేదు. సేవ అనే మాట దాతల నోట వినాల్సిందే గానీ కృపమణి నోట విన్నవాళ్ళు లేరు. మొగుడు దావీదురాజు హోము ఆటో తోలేవాడు. ఒక ఎండాకాలం ఆయా చెప్పాపెట్టకుండా మానేస్తే, "నాలుగు దినాలు నీళ్ళు పోసి పోదువు రా" అని ఆయనే పిల్చుకొచ్చాడు. ఆ నాలుగు దినాలు ఇంకా అయిపోలేదు. దావీదురాజు గుండెపోటుతో పోయాక ఆమె కల్లూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి, మంచం, బీరువా ఎవరికో ఇచ్చేసి, ట్రంకుపెట్టె ఒకటి తెచ్చుకుని స్టోరు పక్క గదిలో చేరిపోయింది. "నాకెందుకు ఇల్లు? నేనెప్పుడన్నా ఇంట్లో ఉంటినా?" అని అందరితో గొప్పగా అనేది కూడా. కూతురు మహిమ అప్పుడు హాస్టల్లో ఉండేది, సెలవులకు పెద్దమ్మ ఇంటికి పోయేది. ఆ పెద్దమ్మ కూడా తర్వాత పోయింది. ఆడపిల్లను కన్న మనిషి ఇల్లెందుకు అని అనకూడదని గడ్డి పెట్టేవాళ్ళు ఎవరూ పక్కన లేకపోయారు. ఉన్నా వినేది కాదనుకోండి, అది వేరే సంగతి.

మహిమ పెళ్ళి వేంపల్లెలో అబ్బాయివాళ్ళ చర్చిలోనే జరిగిపోయింది. అల్లుడు క్రాంతి కుమార్‌ది అరటితోట. మంచివాడు, తక్కువ మాట్లాడతాడు. అత్త మార్తమ్మ కూడా చెడ్డదేం కాదు, అన్నీ పద్ధతి ప్రకారం జరగాలనుకునే మనిషి. చిక్కంతా ఆ పద్ధతితోనే వచ్చింది. మహిమకు ఏడో నెల పడగానే ఫోన్ చేసింది.

"వదినా, పిల్లను తీస్కపోను ఎప్పుడొస్తాండావు?"

"వస్తా వదినా. ఈడ ఒక ముసలామెకు బాగలేదు. ఆమె తేరుకున్న్యాంక వస్తా."

హోములో ముసలివాళ్ళకు కరువా, వాళ్ళకు రోగాలకు కరువా? ఎనిమిదో నెలలోనూ అదే మాట చెప్పింది. రెండుసార్లూ నిజమే చెప్పింది, అయినా రెండుసార్లూ గొంతు తడబడింది. మార్తమ్మకు అనుమానం వచ్చింది.

"సూడు వదినా, తొలి కాన్పు పుట్టినింటిది. నా కోడలు మా యింట్లో కనిందంటే ఊర్లో ఏమంటారు? తల్లి సచ్చిపోయిందా అంటారు. నీకు ఇష్టం లేకుంటే ఆ మాటన్నా సెప్పు."

ఇష్టం లేకపోవడమా! ఆ ఫోన్ పెట్టేసి కృపమణి బాత్‌రూములు కడిగే చోట కూర్చుని ఏడ్చింది. గదికి పోయి ఏడ్చే తీరిక కూడా ఆమెకు లేదు.

గది అద్దెకు తీసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. ఆమె కూడా అనుకుంది. గది దొరుకుతుంది, కానీ రాత్రిళ్ళు హోములో ఉండాల్సింది తనే. నిండు నెలల పిల్లను ఆ గదిలో ఒంటరిగా పడుకోబెట్టి తాను ఇక్కడ పరాయివాళ్ళకు దుప్పట్లు కప్పాలా? సెలవు అడిగింది. సెక్రటరీ వసంతకుమార్ సార్ కాదనలేదు. ఆయన రిటైరైన టీచరు, పెద్దమనిషి, రెండు మూడేళ్ళ కిందట హోము బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. ఎక్కడినుంచో ఒక అమ్మాయిని తెచ్చి పెట్టాడు కూడా. ఆ అమ్మాయి మొదటి దినమే ఒకామె చేత చెంపదెబ్బ తిని, మరుసటి పొద్దున గోడ దూకి పోయింది. "నువ్వే ఎట్లన్నా సర్దుకోమ్మా కృపా" అన్నాడు ఆయన, తప్పు తనదైనట్టు తల వంచుకుని. ఆయన కసిరి ఉంటే ఆమె ఎదురు తిరిగేదేమో.

మరి మహిమను హోములోనే తన గదిలో పెట్టుకోవచ్చు కదా? అక్కడే ఉంది అసలు సంగతి. పనిచేసేవాళ్ళ బంధువులు ఒక్క పూట కూడా లోపల ఉండకూడదని హోములో గట్టి రూలు. ఆ రూలు పెట్టించింది ఎవరనుకున్నారు? కృపమణే.

వంటమనిషి నాగలక్ష్మమ్మ కూతురు ఆ ముందటేడు మొగుడితో పోట్లాడి చంటిబిడ్డతో వచ్చి స్టోరులో మకాం పెట్టింది. ఒక వారం అంది, రెండు నెలలైంది. ముసలివాళ్ళ పాలు ఆ బిడ్డకు పోతున్నాయని కృపమణి కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుందా? దాతల ముందే వసంతకుమార్‌తో చెప్పేసింది. "ఈరోజు ఒకరు, రేపు ఇంకొకరు. ఇది దిక్కులేనోళ్ళ ఇల్లా, మన సుట్టాల ఇల్లా సార్?" అంది. ఆయన రూలు పెట్టాడు. నాగలక్ష్మమ్మ కూతురు బిడ్డను చంకనేసుకుని ఆదోనికి, పత్తి జిన్నింగు మిల్లులో కూలికి పోయింది. పోయేటప్పుడు గేటు తాళం తీసింది కృపమణి చేతులే. న్యాయం చేశానని ఆ రోజు ఆమెకు నిండుగా ఉండింది. న్యాయమే, ఎవరు కాదన్నారు? ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని నా కూతురుకు చోటివ్వండి అని అడుగుతుంది?

తొమ్మిదో నెల పడిన వారానికి క్రాంతి కుమార్ చెప్పకుండానే వచ్చేశాడు. గేటు ముందు ఆటో ఆగింది. మహిమ నడుం పట్టుకుని దిగింది. వెనక అరటిగెల దిగింది.

"అత్తమ్మా, మా యమ్మ దిగబెట్టి రమ్మనె. ఇంగ ఆగితే బస్సులో తిరగరాదంట" అన్నాడు.

లోపల పొడుగాటి వరండా, గదులు, వేపచెట్లు అన్నీ కలయజూశాడు. ఇంత చోటుండగా అత్తకు ఏం అడ్డమొచ్చిందో పాపం అతనికి అర్థం కాలేదు. టీ తాగి, పెళ్ళానికి తలూపి, సాయంత్రం బస్సు దొరకదని వెళ్ళిపోయాడు. కృపమణి గేటుకు తాళం వేసింది. కూతురు లోపలికి వచ్చిందని సంతోషమో, తానూ కూతురూ కలిసి బోనులో పడ్డామన్న భయమో ఆమెకే తెలియలేదు.

"అమా, నీకు కష్టమైతే చెప్పు, నేను పోతా" అంది మహిమ.

"యాడికి పోతావే, గమ్మునుండు" అని తల్లి ట్రంకుపెట్టె జరిపి చాప పరిచింది.

ఆ తర్వాతి దినాలు చూడాలి. హోములోని ఆడవాళ్ళకు మాటలు రాకపోవచ్చు, పేర్లు గుర్తుండకపోవచ్చు, కడుపుతో ఉన్న పిల్లను చూస్తే ఏం చేయాలో మాత్రం ఒక్కరూ మరిచిపోలేదు. ఒకామె తన అన్నంలోని గుడ్డు కొంగులో దాచి తెచ్చేది. ఇంకొకామె మహిమ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒత్తేది. ఆళ్ళగడ్డ వైపునుంచి వచ్చిన రామలక్ష్మమ్మ అని ఒక పెద్దావిడ ఉంది, ఆమెకు కనపడిన ప్రతి పడుచుపిల్లా తన కూతురే. ఆమె దినమంతా మహిమ వెనకే. కృపమణి పగలు నలుగురికి నీళ్ళు పోస్తూ, కిటికీలోంచి వాళ్ళను చూసి నవ్వుకునేది, వెంటనే నవ్వు ఆపుకునేది. వంటింట్లోంచి నాగలక్ష్మమ్మ కూడా చూస్తుండేది మరి. చూసేది, ఏమీ అనేది కాదు. తిట్టినా బాగుండేది.

వసంతకుమార్ వచ్చేది దాతలు భోజనం పెట్టే దినాల్లోనే. పుట్టినరోజనీ, పెద్దల వర్ధంతి అనీ కర్నూలునుంచి కుటుంబాలు వచ్చి, తమ చేతులతో వడ్డించి పోతారు. ఆ దినం గేటు లోపలున్న ప్రతి మనిషీ బంతిలో కూర్చోవాలి. పనివాళ్ళు వడ్డనలో ఉండాలి. ఈ రెండూ కాని మనుషులకు అక్కడ తావు లేదు. అందుకే మొదటిసారి దాతలు వచ్చినప్పుడు కృపమణి కూతుర్ని స్టోరులో బియ్యం మూటల వెనక కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. వాళ్ళు పోయేదాకా మహిమ చీకట్లో, ఉక్కలో, ఎలుకల చప్పుడు వింటూ కూర్చుంది. బయటికి వచ్చాక చీర మొత్తం తడిసిపోయి ఉంది. కృపమణి విసనకర్రతో విసురుతూ, "ఇంగొక్కసారే పాపా, అంతే" అంది.

ఆ ఇంకొక్కసారి మధులత అనే ఆమె కొడుకు మొదటి పుట్టినరోజు. మొగుడు రాజశేఖర్ కాంట్రాక్టరు. బిర్యానీ గుండిగలు, కేకు, అందరికీ కొత్త నైటీలు. రంగు కాగితాలు కట్టారు. వసంతకుమార్ తెల్లచొక్కాతో హడావుడిగా తిరుగుతున్నాడు. మహిమ స్టోరులో ఉంది. బంతి సగం నిండింది. రామలక్ష్మమ్మకు తన పక్క ఖాళీ విస్తరి కనపడింది, కూతురు కనపడలేదు. లేచిపోయి స్టోరు తలుపు తోసింది.

"ఈడేం సేస్తాండావే? కూడు సల్లారిపోతాది, రా!" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

కృపమణి చేతిలో నీళ్ళ జగ్గుతో బంతి ఆ చివర ఉంది. వద్దని అరవడానికి లేదు. పరుగెత్తడానికి లేదు. మహిమ తల వంచుకుని నేల మీద కూర్చుంది. పాపం పిల్లకు ఆకలి కూడా అయింది, ఆ బిర్యానీ వాసనకు ఎవరికి కాదు?

మధులత వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమె ముందుకొచ్చి ఆగిపోయింది.

"అయ్యో దేవుడా! కడుపుతో ఉన్న పిల్లని కూడా వదిలేసినారా? మెడలో పుస్తెలు కూడా ఉన్నాయే. కట్టినోడే తోసేసి ఉంటాడు. వానికి చేతులెట్లా వచ్చినాయమ్మా?"

అరటిగెల భుజాన మోసుకొచ్చిన క్రాంతి కుమార్‌ను గురించి ఆ మాట. మహిమ చెయ్యి విస్తట్లో ఆగింది.

వసంతకుమార్ గబగబా వచ్చాడు. ఆయన మహిమను ఎప్పుడూ చూసి ఉండలేదు. పెళ్ళిరోజునే హోముకు తనిఖీ రావడంతో ఆయన పెళ్ళికి రాలేకపోయాడు. "ఎవరమ్మా ఈ పిల్ల? నాకు తెలీకుండా ఎప్పుడొచ్చింది?" అన్నాడు కృపమణి వైపు తిరిగి.

అందరూ చూస్తున్నారు. నాగలక్ష్మమ్మ గరిట పట్టుకుని చూస్తోంది. నా కూతురు సార్ అంటే చాలు, రెండు మాటలు. ఆ తర్వాత? రూలు తనదే. ఇంకొకరి కూతురికి గేటు తీసిన చేత్తో తన కూతురికీ తీయాలి. ఇన్నాళ్ళు దాచినందుకు తానూ వెంట నడవాలి. నడిచి ఎక్కడికి? నేడో రేపో అన్నట్టున్న పిల్లను పెట్టుకుని ఏ చూరు కింద నిలబడాలి? వేంపల్లెకు తీసుకుపోతే మార్తమ్మ ముందు ఏం చెప్పాలి? ఇదంతా ఆలోచించిందని కాదు. ఆలోచించే వ్యవధి ఎవరిచ్చారు? నోరు దానంతట అదే అంది.

"నిన్న బస్టాండులో దొరికింది సార్. ఎవరూ లేరంట."

"నిజమేనా?" అన్నాడాయన, ఎందుకో నాగలక్ష్మమ్మను చూసి.

కృపమణి కళ్ళు మూసుకుంది. నాగలక్ష్మమ్మ నెమ్మదిగా మహిమ విస్తట్లో ఇంకో గరిటెడు బిర్యానీ పెట్టింది.

"నిజమే సార్. నేనూ సూసినా. పాపం, దిక్కులేని పిల్ల."

కృపమణికి ఊపిరి వచ్చింది. వచ్చీ రాకముందే నాగలక్ష్మమ్మ గరిట గుండిగలో పెట్టి మళ్ళీ అంది.

"నిన్ననంగా వచ్చింది, ఇంకా తల కత్తిరించినట్టు లేదే కృపక్కా? పేలు అందరికీ పాకితే ఎట్లా?"

హోములో అది మొదటి పని. బయట దొరికినవాళ్ళు ఎవరైనా సరే, వచ్చిన దినమే తల కురచగా కత్తిరించి, నీళ్ళు పోసి, నైటీ తొడగాలి. పేలూ పుండ్లూ లేకుండా ఉండడానికి మంచి అలవాటే. కత్తెర పట్టేది కృపమణే. గింజుకునేవాళ్ళు, కరిచేవాళ్ళు కూడా ఆమె చేతికి తల ఇచ్చి కూర్చుంటారని పేరు.

"అవునమ్మా, ముందు ఆ పని చూడు" అన్నాడు వసంతకుమార్. "చంటిపిల్ల పుట్టబోయే చోటు, శుభ్రంగా ఉండాల." ఆయన మంచికే అన్నాడు. ఆ రోజు అక్కడ చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, నాగలక్ష్మమ్మతో సహా. కూతురి బిడ్డ పాలకోసం మిల్లు గేటు దగ్గర ఏడుస్తుంటే ఏమీ చేయలేకపోయిన మనిషి ఆమె. ఆ మాత్రం అంటే ఎట్లా తప్పు పడతాం?

భోజనాలయ్యాక పెరట్లో వేపచెట్టు కింద స్టూలు వేశారు. మధులత బిడ్డను ఎత్తుకుని జాలిగా నిలబడి చూస్తోంది. మహిమది ఒత్తయిన జడ, నడుం దాటి ఉంటుంది. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ జడ వేసే భాగ్యం కృపమణికి దొరకలేదు, ఈ నాలుగు దినాలే దొరికింది. పైగా కడుపుతో ఉన్న మనిషి వెంట్రుకలు కత్తిరించకూడదని హిందువులకైనా, క్రైస్తవులకైనా ఈ సీమలో ఒకటే పట్టింపు. కృపమణి కత్తెర తీసుకుంది. ఇప్పుడు చెప్పేస్తా, ఇప్పుడే చెప్పేస్తా అనుకుంది. వసంతకుమార్ వైపు తిరిగింది కూడా.

మహిమ స్టూలు మీద కూర్చుంది. తనే జడ ముందుకు వేసుకుని, రబ్బరు బ్యాండు లాగి, పాయలు విప్పింది. విప్పి వెనక్కి వేసుకుంది.

"కత్తిరించక్కా. పెరుగుతాదిలే" అంది, హోములో అందరూ పిలిచే పిలుపుతో.

కత్తెర చప్పుడు అయింది. చాలాసేపు అయింది. ఒత్తు జుట్టు కదా, సులభంగా తెగలేదు. రామలక్ష్మమ్మ ఒక్కతే అడ్డం వచ్చి "నా బిడ్డ తల ముట్టుకోవద్దు" అని కృపమణిని కొట్టింది. ఆమెను ఇద్దరు పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. వెర్రిది, దానికేం తెలుసు అన్నారు.

సాయంత్రానికి దాతలు పోయారు, వసంతకుమార్ పోయాడు. మహిమకు హాలులో వరసలో ఒక మంచం చూపించారు. ఇక ఆమె తల్లి గదిలో పడుకోవడానికి లేదు. నాగలక్ష్మమ్మ రాత్రి కూటికి ముందే ఒక ఉడికిన గుడ్డు తెచ్చి ఆమె దిండు పక్కన పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది.

చీకటి పడే ముందు వేంపల్లెనుంచి ఫోన్ వచ్చింది. మహిమ ఫోను తల్లి ట్రంకుపెట్టెలో ఉంది. కృపమణి దాన్ని కొంగు కింద పెట్టుకుని, కూతుర్ని పెరటి మెట్ల మీదికి పిలిచి చేతికిచ్చింది. అవతల మార్తమ్మ గొంతు పెద్దది, పక్కవాళ్ళకు కూడా వినపడుతుంది.

"ఏం పాపా, బాగుండావా? మీ యమ్మ బాగ సూసుకుంటాందా?"

"బాగ సూసుకుంటాంది అత్తమ్మా."

"తలకు నూనె పెడతాందా? ఈ నెల్లో తల ఎండబెట్టగూడదు. పుట్టినింట్లో ఉండేటప్పుడే అట్లాంటియన్నీ."

"దినామూ పెడతాంది. ఇప్పుడే జడేసి లేసింది."

క్రాంతి కుమార్ ఫోను తీసుకున్నాడు. "వీడియో పెట్టు, ఒక్కసారి సూస్తా" అన్నాడు.

"ఈడ సిగ్నలు సరిగా ఉండదబ్బా. రేపు సూద్దాంలే" అంది మహిమ.

ఒక్క మాటకూ తడబడలేదు. మధ్యాహ్నం బంతిలో తాను ఎంత నున్నగా చెప్పిందో కూతురూ అంత నున్నగా చెబుతోందని కృపమణికి తెలిసింది. ఆ కురచ తల మీద చెయ్యి వేయాలని చెయ్యి ఎత్తింది, ధైర్యం చాలక దించుకుంది.

మహిమ ఫోను ఆపి తల్లి చేతిలో పెట్టింది. నడుం పట్టుకుని మెల్లగా లేచి, హాలు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"పెట్టెలో లోపలికి పెట్టక్కా. ఎవరన్నా సూస్తారు" అంది.

పెరట్లో అప్పుడు వాళ్ళిద్దరు తప్ప ఇంకెవరూ లేరు.